మంచి గడ్డే

మొదట కనిపెట్టింది బొట్టుబిళ్ళ.
నడినుదుట పెడితే
సాయంత్రానికి పక్కకి జారేది.
జిగురు బాగోలేదని కొట్టువాడితో తగువు పెట్టుకున్నాను,
మూడు రకాలు మార్చాను.
నుదురు లేస్తోందని అద్దం చెప్పలేదు.
పర్లాకిమిడిలో మా ఇంటి అద్దం అరచేతంత,
కళ్ళు చూసుకుంటే నుదురు కనపడదు.

మాది కొమ్ముపని.
దండాసి గేదెకొమ్మును నిప్పుసెగన మెత్తబరిచి
కొంగ మెడలా వంచుతాడు, రొయ్యకి మీసాలు తీస్తాడు.
నేను బొగ్గుపొడితో, నూనెగుడ్డతో మెరుగు పెడతాను.
ఇరవైరెండేళ్ళుగా
నా వేలికొసలు గరుకును కళ్ళకన్నా ముందు చూస్తాయి.
అదే వేలితో ఒక రాత్రి
తలనొప్పికి బామ్ రాసుకుంటుంటే
ఎడమ కనుబొమ మీద
ఆకురాయి పెట్టని చోటొకటి దొరికింది.

"గేదెల ఉసురే" అంది ఆడపడుచు.
"మొలుస్తాదిలే కొమ్ము, దండాసికి సరుకు కలిసొస్తాది" అని
వీధిలో ఎవడో నవ్వాడు.
నేనూ నవ్వాను. రాత్రి నవ్వలేదు.
ఎడమ కన్ను కిందికి దిగింది.
లోలాక్షి అని పేరు పెట్టిన మా తాత
ఇంత దూరం ఆలోచించి ఉండడు.

బరంపురం వెళ్ళే దారిలో
ఒక రాష్ట్రం వచ్చింది, పోయింది.
దండాసి ఫోన్ రెండుసార్లు స్వాగతం పలికింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ సస్మితా పాఢి
ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టింది.
నల్లటి బొక్కలో తెల్లటి రాయి.
కనుబొమల వెనక అందరికీ ఒక గాలిగది ఉంటుందట,
నాకది ఎముకతో నిండిపోయిందట.
"డొరొ నాహి" అంది. ఇంకా ఏదో అంది ఇంగ్లీషులో.
ఇచ్ఛాపురం నర్సు నీలవేణి తెలుగు చేసింది:
"ఎముకే గడ్డకట్టింది పిన్నీ, ఏనుగు దంతమంత గట్టి.
అరుదుగా వస్తాదట. కేన్సర్ కాదు.
మంచి గడ్డే."

మంచి గడ్డే.
నలభై మూడేళ్ళలో మంచి అనే మాట
ఇంత ఇరుగ్గా కూచోవడం ఎక్కడా చూడలేదు.
కంటిని తోసేసేది మంచిదెలా అవుతుంది?
చంపనిదల్లా మంచిదేనా?
అయితే మా అత్త కూడా…
సర్లే, ఆ మాట వద్దు.

మా పని ఏమిటో తెలిశాక డాక్టరమ్మ అంది,
గేదెకైతే ఆ గాలిగది
కొమ్ములోపలికంటా సాగుతుందని.
దండాసి కుర్చీ అంచుకి జరిగాడు.
కొమ్ము డొల్లలోంచి ఊడదీసి
రోజూ పెంటమీద పారేసే ఎముక
నుదుటి తాలూకని అతనికి తెలీదు.
తిరుగు బస్సంతా ఆ సంగతే మాట్లాడాడు, నా సంగతి కాదు.
కోపం రాలేదు.
భయమేస్తే అతను పనిలోకి దూరతాడు.

కనుబొమ వెంట కోశారు.
ఒక్క ముక్కగా ఊడిరాలేదట.
నడుమ డ్రిల్లు పెట్టి తొలిచి, తొలిచి,
పెంకు పలచబడ్డాక లోపలికే విరిచి తీశారట.
"నానైనా అంతే చేద్దును" అన్నాడు దండాసి
సీసాలో ముక్కల్ని తేరిపార చూస్తూ.
ఒకటి ఇమ్మని అడిగాడు, ఆకురాయి పెట్టి చూస్తాడట.
ఇవ్వలేదు. లాబ్‌కి పోవాలి.

మెదడు పొరకి ఆనుకున్నచోట
గోరంత వదిలేశారు.
ఏడాదికోసారి ఫోటో.
పెరిగితే పెరుగుతుంది, లేకపోతే లేదు.
దీన్ని నీలవేణి తెలుగు చెయ్యలేదు,
డాక్టరమ్మ చెయ్యి తిప్పిన తీరులోనే అర్థమైంది.

ఇప్పుడు బొట్టు నిలుస్తోంది.
కన్ను ముప్పాతిక దాకా ఎక్కింది.
మధ్యాహ్నం వాన. కొంగ రెక్క కింద గుడ్డ ఆడిస్తున్నాను.
తలెత్తకుండానే దండాసి అడిగాడు:
"గరుకేటైనా తగుల్తందా?"
కొంగ గురించో, నా గురించో.
వేలు పెట్టి చూసి చెప్పాను,
"కొంచెం. నూనె ఇలాగియ్యి."